రాముడికి తెలుసా?

గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ కథ 1910 ఫిబ్రవరిలో ఆంధ్రభారతి పత్రికలో అచ్చయింది. చిన్న కథ, తీరిగ్గా చదివినా పావుగంట పట్టదు. ఇంటర్మీడియట్ పిల్లలకి దాని ద్వారా విమర్శదృష్టితో చదవడం నేర్పాలనుకున్న లెక్చరర్‌కి మాత్రం నాలుగైదు పీరియడ్లు కావాలి. ఏ ప్రశ్న ముందు అడగాలి, ఏ సంగతి ఎప్పటిదాకా దాచాలి, ఎక్కడ తాను నోరు మెదపకుండా ఉండాలి అన్నవన్నీ లెక్క చూసుకుని కూర్చిన పాఠం అది. వీణ చేసేవాడి పనితనాన్ని, చీర నేసేవాడి పనితనాన్ని మనం ఆగి చూస్తాం. పాఠం కట్టేవాళ్ల పనితనం మన కళ్లముందే జరిగిపోతున్నా దాన్ని పనిగా లెక్కపెట్టం. అందుకే ఈ ఒక్క పాఠాన్ని విడివిడిగా చూడాలనిపించింది.

కథ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. గోపాలరావు సంస్కరణాభిమాని. అలాంటివాడు సానివాళ్ల పాటకచేరీకి మరిగి, రాత్రి ఒంటిగంటకి దొంగలా ఇంటికొస్తాడు. భార్య కమలిని పడకగదిలో కనిపించదు. నౌకరు రాముణ్ణి కొట్టి, వెంటనే పశ్చాత్తాపపడతాడు. బల్లమీద ఉత్తరం దొరుకుతుంది: మీరు నాకు అబద్ధాలు చెప్పాల్సిన అవసరం లేకుండా పుట్టింటికి వెళుతున్నానని కమలిని రాసింది. గోపాలరావు తనను తాను తిట్టుకుని, చంద్రవరం వెళ్లి అమ్మగారిని తీసుకురమ్మని రాముడికి పురమాయిస్తాడు. అక్కడ ఏం చెప్పాలో నేర్పబోతే రాముడు తన ధోరణిలో ఇంకేదో చెబుతాడు. గోపాలరావు కోపంతో లేచేసరికి మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి.

పాఠంలో మొదటి పని దాచడం. గైడ్లు ఈ కథ గురించి రెండు వాక్యాలు తప్పకుండా రాస్తాయి. ఒకటి, ఇది తెలుగులో మొదటి ఆధునిక కథానిక. రెండు, స్త్రీవిద్య ప్రయోజనాన్ని చాటే కథ. ఈ రెండూ ముందే చెవినపడితే పిల్లలు కథ చదవరు. ఆ వాక్యాలకి సరిపడే ముక్కలు కథలో ఎక్కడున్నాయో చూసి పక్కన గీత పెట్టుకుంటారు. అందుకని తెలిసిన లెక్చరర్ కవిపరిచయం ఆపేస్తారు, ఏడాది చెప్పరు, కథ పేరు కూడా తీసేసి ఉత్త కాగితాలు పంచుతారు. కొందరు ఎక్కడో చదివి గుర్తుపట్టేస్తారు. పట్టినా నష్టం లేదు, మిగతావాళ్లకి చెప్పకుండా ఉంటే చాలు.

ఈ దాచే పద్ధతికి ఒక చరిత్ర ఉంది. కేంబ్రిడ్జిలో ఐ. ఎ. రిచర్డ్స్ 1920లలో తన శ్రోతలకి కవితలు అచ్చువేసిన కాగితాలు పంచేవాడు. వాటిమీద కవి పేరు ఉండేది కాదు. వారం గడువిచ్చి, తోచింది రాసి తెమ్మనేవాడు. అలా వచ్చిన రాతల్ని పోగుచేసి 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ పేరుతో పుస్తకం వేశాడు. అందులో ఉన్నవి 13 కవితలే. పేరు చూస్తే వంకపెట్టడానికి జంకే కవుల్ని కూడా నిర్మొహమాటంగా తోసిపుచ్చినవాళ్లున్నారు. రిచర్డ్స్ వాళ్లని వెక్కిరించి ఊరుకోలేదు. మనిషి చదివేటప్పుడు ఎక్కడెక్కడ జారిపోతాడో ఓపికగా వర్గీకరించి పది ఇబ్బందులు రాశాడు. వాటిలో మొదటిది చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: వాక్యం మామూలు అర్థమే తెలియకపోవడం. ఇంగ్లీషు సాహిత్యం ప్రత్యేకంగా చదువుకుంటున్నవాళ్లే అక్కడ తడబడ్డారు.

ఆ జబ్బుకి మందు మన తెలుగు క్లాసులో ఎప్పటినుంచో ఉంది. పదవిభాగం, ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం. పద్యంలో అటూ ఇటూ చెదిరిన మాటల్ని ఏది కర్త, ఏది క్రియ, ఏ విశేషణం ఎవరిది అని ఒక వరసలోకి తెచ్చే ఈ పనిముట్టు చాలా నాణ్యమైంది. మెదక్ సీమ కొలిచారం నుంచి వచ్చిన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకి వ్యాఖ్యానం రాస్తూ మొదట్లోనే ఒక నియమం పెట్టుకున్నాడు: మూలంలో ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. విమర్శ నేర్చుకునే పదహారేళ్ల పిల్లకి ఇంతకంటే మంచి నియమం నేను ఇవ్వలేను. ప్రతిపదార్థం బట్టీ చదువు, దాన్ని ఎత్తేయాలి అనేవాళ్లతో నేను ఏకీభవించను. పునాది అది. మన క్లాసుల్లో గోడలు లేవకపోతే తప్పు పునాదిది కాదు.

వచన కథకి ప్రతిపదార్థం ఎలా చెప్పించాలి? ఇక్కడ ఒక చక్కటి ఉపాయం ఉంది: ఇంటి పటం గీయించడం. కథ ఒకసారి పైకి చదివాక, పిల్లలు నోటుబుక్కులో గోపాలరావు ఇల్లు గీస్తారు. వీధి తలుపు, దీపం లేని నడవ, దీపం లేని పడకగది, మంచం, బల్ల. ఏ నిమిషానికి ఎవరు ఎక్కడున్నారో పెన్సిల్‌తో గుర్తు పెడతారు. గీస్తూ ఉంటే అర్థంకాని మాటలు వాటంతటవే బయటపడతాయి. నడవ అంటే ఏమిటని పట్నం పిల్లలు అడుగుతారు. గోపాలరావు చీకట్లో అగ్గిపుల్ల గీసి చూస్తాడు, తర్వాత దీపం వెలిగించి గది నాలుగువైపులా చూస్తాడు. పటం పూర్తయ్యాక లెక్చరర్ అడిగేది ఒకటే: అంత వెతికినవాడు ఎక్కడ వెతకలేదు? క్లాసంతా నవ్వుతుంది. మంచం కింద చూడలేదు. ముగింపులోని చమత్కారం గాల్లోంచి ఊడిపడలేదని, కథ మధ్యలోనే దానికి చోటు కట్టి ఉంచారని ఆ నవ్వులోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. కమలిని ఇంట్లోనే ఉందని రాముడికి తెలుసా?

ఈ ప్రశ్న నిర్మాణం చూడండి. దీనికి జవాబు చెప్పడానికి పాండిత్యం అక్కర్లేదు, వెనక బెంచీ కుర్రాడు కూడా తెలుసనో తెలియదనో అనగలడు. కాబట్టి అందరూ లోపలికి వస్తారు. జవాబు కథలో ఎక్కడా ఒక వాక్యంగా రాసి లేదు, గైడు చూసి లాభం లేదు. అయితే జవాబుకి కావలసిన జాడలు మాత్రం కథనిండా ఉన్నాయి. కాబట్టి ఏ పక్షం పట్టినా కాగితాల్లోకి తిరిగి వెళ్లక తప్పదు. మంచి ప్రశ్నకి నా దృష్టిలో గీటురాయి అదే, పాఠాన్ని రెండోసారి చదివించగలగడం. మొదటిసారి పిల్లలు ఏం జరిగిందో తెలుసుకోవడానికి చదివారు. ఇప్పుడు అవే పేజీలు, జరిగేది ముందే తెలిసి, కథకుడు ఏ మాట ఎందుకు వేశాడో చూడటానికి చదువుతారు. ఆ రెండు చదువులకీ మధ్య ఉన్న దూరాన్ని నోటితో చెప్పి నేర్పడం కుదరదు. అందుకే ప్రశ్న కావాలి.

జాడలు ఒకటొకటే బయటికొస్తాయి. గోపాలరావు వీధి తలుపు తీసి చూసినప్పుడు రాముడు వీధి నడుమ చుట్ట కాలుస్తూ ఆకాశం చూస్తున్నాడు. తర్వాత, నీకు తెలియకుండా ఆమె ఎలా వెళ్లిందిరా అని అడిగితే, తాను నిద్రపోయి ఉంటానంటాడు. ఈ రెండూ పొసగుతాయా? ఆ జవాబు చెప్పేముందు వెనక్కి అడుగు వేస్తాడు. అది అబద్ధం చెప్పేవాడి జంకు కావచ్చు, ఇప్పుడే దెబ్బ తిన్నవాడి భయమూ కావచ్చు. తనను తాను పశువునని తిట్టుకుంటున్న యజమాని ముందు వాడికి నవ్వు ఆపుకోవడం కష్టమవుతుంది. ఎందుకు నవ్వు? తెలియదనే పక్షం కూడా తేలిగ్గా ఓడదు. బాబు మాటలు వింతగా ఉన్నాయి కాబట్టి నవ్వొచ్చింది, వాడికేం తెలుసు అంటారు. తెలిసి ఉంటే దెబ్బ పడగానే చెప్పేసేవాడు కదా అని ఒకమ్మాయి అంటుంది. అమ్మగారికి మాటిచ్చి ఉంటే చెప్పడు అని ఇంకొకరంటారు. మాటిచ్చినట్టు కథలో ఎక్కడుంది అని మూడో గొంతు. ఆ మూడో గొంతు లెక్చరర్‌ది కాకుండా ఒక విద్యార్థిది అయిన రోజున పాఠం పట్టాలెక్కినట్టు.

ఈ ప్రశ్నకి ఇంకో అంతస్తు ఉంది. రాముడికి తెలుసనుకుంటే, చివర్లో వాడు అప్పజెప్పే మాటలు ఎవరి కోసం? ఆడవాళ్లు యజమాని చెప్పినట్టు వినాలని, లేకపోతే ఆయన సానిని ఉంచుకోగలడని, ఊళ్లోకి బంగారు బొమ్మలాంటి మనిషి వచ్చిందని చంద్రవరంలో చెబుతానంటాడు. తెలియదనుకుంటే అది అమాయకుడి తడబాటు. తెలుసనుకుంటే, చంద్రవరం దాకా వెళ్లనక్కర్లేకుండానే ఆ కబురు చేరాల్సిన చెవికి అక్కడికక్కడే చేరింది. దెబ్బ తిన్న నౌకరు యజమాని గుట్టును ఆయన ఎదుటే, ఆయన భార్య వింటుండగా, ఆయన ఆజ్ఞ పాటిస్తున్నట్టే విప్పేశాడు. ఇంత చిన్న కథలో ఇన్ని పొరలు పెట్టిన గురజాడ చేయి ఎంత నిబ్బరమైందో నాకు ఇక్కడే తెలిసింది. ఏ పుస్తకమూ చెప్పలేదు, ప్రశ్న చెప్పింది.

లెక్చరర్ తీర్పు చెప్పరు. అలాగని ఎవరికి తోచింది వాళ్లకి సరైనదే అని కూడా అనరు. ఈ రెండో మాట వినడానికి ఉదారంగా ఉంటుంది గానీ పిల్లలకి అన్యాయం చేస్తుంది. రాముడు కమలినిని ప్రేమిస్తున్నాడు అని ఎవరైనా అంటే దానికి ఆధారం లేదు, అది పక్కకి పోవాల్సిందే. తెలుసు, తెలియదు అన్న రెండు పక్షాలూ నిలబడతాయి, ఎందుకంటే రెండింటికీ కథలో కాళ్లున్నాయి. నిలబడేదానికీ కూలిపోయేదానికీ తేడా చూపించి, నిలబడేవాటి మధ్య ఎంపిక పిల్లలకి వదిలేయడం చాలా సున్నితమైన పని. చూసేవాళ్లకి లెక్చరర్ ఏమీ చేయకుండా నిలబడినట్టే ఉంటుంది.

తర్వాతి పీరియడ్ రంగు పెన్సిళ్లది. కథకుడి మాట ఒక రంగు, గోపాలరావు మాట ఒకటి, రాముడిది ఒకటి, ఉత్తరం ఇంకొకటి. గీతలు గీశాక నాలుగు తెలుగులు కళ్లకి కనిపిస్తాయి. కథకుడు గ్రాంథిక క్రియలతో నడుస్తాడు. గోపాలరావు పుస్తకాల భాషకీ ఇంటి భాషకీ మధ్య ఊగుతాడు. రాముడిది ఉత్తరాంధ్ర నేలమాట. అన్నిటికంటే గంభీరమైన గ్రాంథికం కమలిని ఉత్తరంలో ఉంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు పిల్లలుంటే రాముడి మాటలు వాళ్లచేత చదివించాలి. కాగితం మీద మోటుగా కనిపించిన భాషకి ఆ గొంతులో తెలివి, ఒడుపు వచ్చేస్తాయి. ఇంత చూశాక గానీ లెక్చరర్ పారిభాషిక పదాలు ఇవ్వరు. దృష్టికోణం, కంఠస్వరం లాంటి మాటలు వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’లో చక్కగా దొరుకుతాయి. వస్తువు కంటపడ్డాక దానికి పేరు చెబితే ఆ పేరు మరిచిపోరు. పేరు ముందు చెబితే పరీక్ష దాకే గుర్తుంటుంది.

నాలుగు రంగుల కాగితం చేతిలో ఉండగానే ఇంకో ప్రశ్న: కమలిని ఈ కథలో ఎన్ని మాటలు మాట్లాడింది? పిల్లలు వెతుకుతారు. ఒక్కటీ లేదు. రాసింది, నవ్వింది. నోరు విప్పి మాట్లాడలేదు. దాచిపెట్టిన గైడు వాక్యాన్ని ఇప్పుడు బయటికి తీయాలి. స్త్రీవిద్య గొప్పదనం చెప్పే కథలో చదువుకున్న స్త్రీకి మాట ఎందుకు లేదు? ఆమె మాట ఉత్తరమే, మొగుణ్ణి కుర్చీలో కూలేసింది ఆ చదువే అని ఒకరంటారు. చదువుకున్న భార్య గొప్పదనం గురించి ఉపన్యాసం ఇచ్చింది మాత్రం మొగుడే, అదీ ఆమె లేదనుకుని, అర్థం కాదనే నౌకరుకి, అని ఇంకొకరు. ఇద్దరూ కాగితం చూపించే మాట్లాడుతున్నారు. గైడులో విధేయంగా నిద్రపోతున్న వాక్యం ఇప్పుడు వాదించుకోదగ్గ వాక్యమైంది.

కాలం, కవి, చరిత్ర ఇక్కడ రావాలి. ముందే వస్తే అవి కథని కప్పేస్తాయి. ఇప్పుడొస్తే పిల్లలు అప్పటికే అడుగుతున్నవాటికి జవాబులవుతాయి. మద్రాసు రాజధానిలో 1890ల నుంచి నడిచిన నాచ్ (సానివాళ్ల ఆటపాటలు) వ్యతిరేక ఉద్యమం, అందులో వీరేశలింగం పాత్ర, ‘కన్యాశుల్కం’ మారిన రూపంలో 1909లో రావడం, మరుసటి ఏడాదే ఈ కథ. భాష గురించి అడిగినవాళ్లకి చెప్పదగ్గ సంగతి ఇంకొకటి ఉంది. ఇంటర్మీడియట్ విద్యార్థులు తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్న చర్చ మద్రాసు విశ్వవిద్యాలయంలో రేగినప్పుడు, వాడుకభాష తరఫున 1914లో అసమ్మతి పత్రం రాసింది ఈ కథకుడే. తమ వయసు పిల్లల కోసం ఆయన వాదించాడని తెలిస్తే క్లాసు కాసేపు సర్దుకు కూర్చుంటుంది.

మొదటి కథ అన్న బిరుదు కూడా ఇప్పుడే విప్పాలి. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లో వచ్చింది, ‘దిద్దుబాటు’ కంటే ఎనిమిదేళ్లు ముందు. అందులోనూ దారి తప్పిన భర్త ఉన్నాడు. పేదరికంలో, పండగపూట, దొంగసొమ్ము ఇంటికి తెచ్చాడు. అందులోనూ భార్యే సరిదిద్దుతుంది. కానీ ఆ భార్య విజయలక్ష్మి దాక్కోదు, ఉత్తరం రాయదు, ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. ఏది మొదటిది అన్న పందెం కంటే ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చదివించడం ఎన్నో రెట్లు మేలు. ఒక స్త్రీ రాసిన కథలో భార్యకి ఉన్న గొంతు, ఒక పురుషుడు రాసిన కథలో నవ్వుగా మారిందని పిల్లలే పట్టుకుంటారు. దానికి కారణం రచయిత పురుషుడు కావడమేనా, హాస్యం కోసం అలా కట్టాడా అని తగువు పడతారు. పడనివ్వాలి.

బాగా చదివే పిల్లలకి ఒక ప్రశ్న మిగిల్చి ఉంచుతారు: ఈ కథలో అందరూ మాట్లాడుకునే మనిషి, కానీ పేరు కూడా లేని మనిషి ఎవరు? ఆ పాడే స్త్రీ. ఆమె మీదుగానే కథ నడిచింది, ఆమె మాత్రం గడపలోకి రాలేదు. అదే 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ, తాను ఆ గాయనుల కులంలో పుట్టిన విదుషీమణి, ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను పరిష్కరించి వావిళ్లవారి ద్వారా ప్రచురించింది. వీరేశలింగం ముద్దుపళనిని నిందించిన తీరును నాగరత్నమ్మ తప్పుపట్టింది. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. గోపాలరావు ఇంటి తలుపు తట్టిన రోజుల్లోనే బయట ఇంత జరుగుతోంది. ఈ సంగతి విన్నాక పిల్లలు మొదటి పేజీ మళ్లీ తిప్పుతారు, గోపాలరావు ఆమె గురించి అనుకున్న నాలుగు వాక్యాలు వెతుక్కోవడానికి. అది వాళ్లకి మూడో చదువు.

చివరి పీరియడ్‌లో రాయాలి. ఒకే పేరా. ఒక అభిప్రాయం, దానికి కథలోంచి రెండు ఆధారాలు, దానికి ఎదురు నిలిచే ఆధారం ఒకటి, అయినా తన అభిప్రాయం ఎందుకు నిలుస్తుందో ఒక వాక్యం. ఎదురు ఆధారం తప్పనిసరి చేయడంలోనే ఈ కొలత గొప్పదనం ఉంది; తనకి నచ్చని ముక్కని కూడా చూసి రావాలి కాబట్టి చదువు నిజాయితీగా సాగుతుంది. మొదటి చిత్తులో చాలామంది రాముడు విశ్వాసపాత్రుడైన సేవకుడు అని మొదలుపెడతారు. లెక్చరర్ మార్కులు వేయరు, వాక్యం కొట్టేయరు. మార్జిన్‌లో ఎర్రసిరాతో ఒక్క మాట రాస్తారు: ఎక్కడ? కాగితం వెనక్కి వెళుతుంది. రెండో చిత్తులో అదే విద్యార్థి, నిద్రపోయానన్న రాముడు వీధిలో మెలకువగా దొరికాడు కాబట్టి వాడు ఏదో దాస్తున్నాడు, వెనక్కి వేసిన అడుగు మాత్రం భయంతోనైనా కావచ్చు అని రాస్తాడు. మొదటి వాక్యం ఏ కథలో నౌకరుకైనా అతుకుతుంది. రెండోది ఈ కథలో రాముడికే అతుకుతుంది. మల్లినాథుడి నియమం ఈ మార్జిన్‌లో ఇంకా బతికే ఉంది.

పరీక్ష మాటేమిటని తల్లిదండ్రులు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. సందర్భసహిత వ్యాఖ్య అని మనం పిల్లలచేత రాయించేది నిజానికి ఈ పనికి అమరిన అచ్చు: ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఏ అర్థంలో. ఈ పాఠం దాటి వచ్చిన పిల్ల ఆ అచ్చుని గైడు సాయం లేకుండా నింపగలదు.

ఇంటర్‌లో తెలుగు చెప్పే మాస్టార్లకి, మేడమ్‌లకి నా విన్నపం ఒకటే. ఏడాదికి ఒక్క కథనైనా ఇలా చెప్పి చూడండి. సిలబస్ ఒత్తిడిలో అయిదు పీరియడ్లు దొరకవని తెలుసు, రెండు దొరికినా ఇంటి పటం, రాముడి ప్రశ్న పడతాయి. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలకి కాపీరైటు అడ్డు లేదు. పేరు, ఏడాది తీసేసి ఆ కొద్ది పేజీలూ క్లాసుకి సరిపడా జిరాక్స్ తీయించుకుంటే చాలు.